దేవరకొండ డ్యూటీకి ఐదుగురు రాజుల ఓటింగు

1996లో నల్లగొండలోని ఒక ప్రైవేటు కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో అటెండరుగా చేరాను. పిల్లల చెప్పులు బయట విప్పించడం, యంత్రాల దుమ్ము తుడిచి గుడ్డ కప్పడం, ఎవరు ఎంతసేపు కూర్చున్నారో పుస్తకంలో రాయడం నా పని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని; ఆ రాతపని మాత్రం ఇంకొకరికి ఇచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు దేవరకొండలో శాఖ తెరిచారు. మా ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు అక్కడికి వెళ్లాలి. ఖాజా సార్‌కూ ఇష్టం లేదు, విజయ మేడంకూ ఇష్టం లేదు. మీరే తేల్చుకోండని యజమాని వదిలేశారు. కంప్యూటర్ ఆటలో గెలిచినవారు నల్లగొండలోనే ఉండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆటలో ఐదుగురు రాజులు. ఇద్దరు వీళ్లు, ముగ్గురిని కంప్యూటరే నడుపుతుంది. చివర్లో ఓటింగు, మూడు ఓట్లు వచ్చినవారు చక్రవర్తి. వారం రోజులు మధ్యాహ్నం భోజనం మాని ఆడారు. సార్ ఆ ముగ్గురికీ ఏనుగులు, ధాన్యం పంపి స్నేహ ఒప్పందాలు రాసుకున్నారు. మేడం ఒకే కోటను ముగ్గురికీ విడివిడిగా ఇస్తానన్నారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, శనివారం ఓట్లు బోర్డు మీద రాసే పని నాకు పెట్టారు.

ఐదు పేర్లకు ఐదు గీతలు పడ్డాయి. ఎవరి ఓటు వారే వేసుకున్నారు.

"గిన్ని ఏనుగులు మింగి ఒక్క ఓటెయ్యరా? దొంగాట!" అని ఖాజా సార్ లేచారు.

"మీరెవరికేసిన్రు సార్?" అన్నాను.

"నాకే ఏసుకున్న. అయితేంది?"

"ఆళ్లు గూడ గంతే గద. మరి మేడంకేం పంపిన్రు?"

"ఆమెకెందుకు పంపుత ఎల్లమ్మా? పోటీ ఉన్నదే ఆమెతోని!"

మేడం నవ్వారు. "జర అడిగి చూడకపోతిరి సార్. వారంల మూడొద్దులంటే నేను పోతుంటి. ఆరొద్దులైతేనే మా అత్తమ్మను దవాఖానకు తీస్కపోయేటోళ్లుండరు."

"మూడొద్దులైతే నాకేం ఫికర్? గీ మాట మొన్ననే చెప్తే నా ఏనుగులన్న మిగులుతుండె!"

చెరి మూడు రోజులని అక్కడే తేలింది. ఆ సంతోషంలో మళ్లీ ఓటింగు పెట్టి, మేడం తన ఓటు సార్‌కు వేశారు. అయినా రెండే. కంప్యూటర్ రాజులు మళ్లీ ఎవరికి వారే. సోమవారం ఉదయం ఖాజా సార్ దేవరకొండ బస్సెక్కారు.

తర్వాత ఉద్యోగంలో ఏ తగువు నా ముందుకు వచ్చినా, ఎవరి వైపు ఎంతమంది ఉన్నారని అడగడం మానేశాను. ఎవరు ఎవరిని అడగలేదో ముందు కనుక్కునేదాన్ని.