ఒకే జవాబుకు రెండు మార్కులు

మా ఆయన కొట్టడం మొదలుపెడితే వీధిలో వాళ్ళు టీవీ సౌండు పెంచుకునేవాళ్ళు. ఆయన హిస్టరీ మాస్టరు. తమిళనాడులో రాజపాళయంలోని మా ఇంటి హాల్లోనే ట్యూషన్ చెప్పేవాడు. పిల్లల్ని చేర్చడానికి వచ్చే ప్రతి తండ్రీ ఒకటే మాట అనేవాడు: "కన్ను మట్టుకు విడిచిపెట్టి తోలు ఒలిచేయండి సార్!" ఈయన నవ్వేవాడు. పరాయి పిల్లల ముందు బెత్తం ఊరికే ఆడించేవాడు. ఒలిచింది మాత్రం మా అమ్మాయి తోలే.

ఆ వారం ట్యూషన్ పరీక్షలో దానికి నూటికి ముప్ఫై ఎనిమిది వేశాడు. పేపరు దిద్దిందీ ఈయనే, మార్కు వేసిందీ ఈయనే, ఆ మార్కు చాలలేదని బెల్టు తీసిందీ ఈయనే. అది చాపిన చేతికి బకిల్ తగిలి మణికట్టు దగ్గర చిట్లింది. గచ్చంతా రక్తం. నేను అడ్డం వెళ్ళాను.

"సుమ్మా ఉండు, నోరెత్తకు! మార్కు అబద్ధం చెప్పుతుందా?" అంటూ నన్ను గోడకేసి తోశాడు. నా పెదవి పగిలింది. అమ్మాయి చేతికి కట్టు కడుతుంటే ఒళ్ళు మండిపోయింది నాకు. మార్కు అబద్ధం చెప్తుందో చెప్పదో చూద్దాం రా అనుకున్నాను.

అదే ప్రశ్నపత్రం ఆయన స్కూల్లోనూ పెట్టాడు. అమ్మాయి జవాబులన్నీ, తప్పులతో సహా, ఒక్క అక్షరం మార్చకుండా వేరే కాగితాల మీద రాశాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, దాని రాతే నయం. పేరు బదులు ఏదో రోల్ నంబరు వేసి స్కూలు పేపర్ల కట్ట మధ్యలో దూర్చాను. ఆదివారం మటన్ కొళంబు పులుసుతో అన్నం తిని, ఫ్యాను కింద కూర్చుని తీరిగ్గా దిద్దాడు. డెబ్బై రెండు! పైగా పక్కన "గుడ్" అని కూడా.

రెండు పేపర్లూ ఆయన ముందు పడేశాను.

"చూడండి! జవాబు ఒకటే, దిద్దిన చెయ్యి ఒకటే. మార్కు ఏమిటికి రెండు వేసినారు? మీరు కొలిచినది దాని చదువా, మీ కోపమా? ఇప్పుడు ఆ బెల్టుతో ఎవర్ని కొట్టేది, చెప్పండి!"

ఆయన పేజీలు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. అమ్మాయి పేపరు మీద పాత మార్కు కొట్టేసి డెబ్బై రెండు వేశాడు.

"దాన్ని పిలువు" అన్నాడు నెమ్మదిగా.

అమ్మాయి వచ్చింది. ఆయన పేపరు దాని ముందు పట్టుకున్నాడు. అది మార్కు వైపు చూడను కూడా లేదు. కట్టు లేని చెయ్యి ముందుకు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుంది.