మూడు నల్ల రంగులు, ఒక గని కార్మికుడు

టేబుల్ మీద ఆడే ఆటల్లోని బొటనవేలంత బొమ్మలకు రంగులు వేయడం నా అలవాటు. వచ్చే నెల మా బాపు బొగ్గు గని నుంచి రిటైరవుతున్నాడు కాబట్టి, ఈసారి ఆయన కోసం ఒక గని కార్మికుడి బొమ్మ తీసుకున్నాను. ఒంటి మీది బొగ్గు మసి కోసం ఈ రోజు మూడు కంపెనీల యాక్రిలిక్ నలుపులు వేసి చూశాను. చవక ట్యూబు రంగు మందంగా పడి ముఖంలో గీతల్ని పూడ్చేసింది. రెండోది ఆరాక ప్లాస్టిక్‌లా మెరిసింది. ఖరీదైన సీసాలోది రెండు పలుచటి పూతలకే అచ్చం మసిలా కుదిరింది. సంబరంగా బాపుకు చూపించాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రంగు మంచిగనే ఉన్నది బిడ్డా. గీయన ఒక్కడే ఉన్నడేంది?"

"కొన్నది ఒక్క బొమ్మనే కదా బాపు."

"లోపల పనికాడికి ఒక్కన్ని పంపరే పిచ్చిదానా. పక్కన మా రాజయ్యను చెయ్యి. వాడు ఎడమచేతి వాటం, గడ్డపార గా చేతిలనే పెట్టు."

గనిలో బాపుతో కలిసి పనిచేసిన రాజయ్య కాక తొమ్మిదేళ్ల కిందట గని పైకప్పు కూలి చనిపోయాడు. ఆ తర్వాత బాపు నోట ఆ పేరు వినడం ఇదే మొదటిసారి.

బాపు నా గోధుమరంగు సీసాలన్నీ వెలుతురుకు పట్టి చూసి, "వాని ఒంటి రంగు గిండ్ల లేదు" అన్నాడు. సాయంత్రం నుంచి రంగులు కలుపుతూనే ఉన్నాను. ఆయన పక్కనే కూర్చుని "ఇంక జర ఎర్రగ" అంటున్నాడు. ఆ రంగు ఏ కంపెనీలో దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.