రాహేలమ్మ టీచరు చూసిన సముద్రం

ఈ ఉదయం వరండాలో అడుగు పెట్టగానే అరికాళ్ల కింద గరగరమంది. మా వికారాబాదు ఇంట్లో నేల తాండూరు బండది. రోజూ తడిగుడ్డ పెట్టే ఆ నున్నటి నేల మీద ఇసుక పడితే పాదానికి వెంటనే తెలిసిపోతుంది. వంగి, వేలికి అద్దుకుని చూశాను. మా వాగుల్లో దొరికే ముతక ఇసుక కాదు. సన్నగా, లేత పసుపుగా, మధ్యమధ్య గవ్వ ముక్కల మెరుపులతో ఉంది. పక్క వాటాలో ఉండే రెహానా నిన్ననే పిల్లలను తీసుకెళ్లి సముద్రం చూపించి వచ్చింది. గుమ్మంలో నిలబడి సంచీ దులుపుతూ, "మాఫ్ చెయ్ అక్కా, ఎంత దులిపినా రేతు పడుతనే ఉంది. పొద్దుగాల నుంచి పరేషాన్ అయితున్న" అని నవ్వింది. "పడనియ్యి, ఏం గాదు" అన్నాను. చీపురు చేతిలోనే ఉంది గాని ఊడవబుద్ధి కాలేదు. ఆ ఇసుక మీద కాసేపు అలాగే నిలబడిపోయాను. రాహేలమ్మ టీచరు గుర్తొచ్చింది.

ఆమె బంట్వారంలో సర్కారు బడి పంతులమ్మ. ఆదివారం మాత్రం తాండూరులో మా క్రైస్తవ సంఘం పిల్లలందరికీ టీచరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని వస్తే ఆ చీర చప్పుడు ముందు వినిపించేది, తర్వాత ఆమె కనిపించేది. ఆమె పాట ఎత్తుకుంటే డోలక్ కొట్టే అన్న తాళం వదిలేసి ఆమె వెనక పరుగెత్తాల్సిందే. "దేవుడికి రాగం ఎందుకురా, ఆయనకు చెవులు మంచిగనే ఉన్నయి, గట్టిగ పాడుండ్రి" అనేది. నాకు బైబిలు వాక్యం చదవడం నేర్పింది ఆమే. చదివినదాన్ని నమ్మడం నేర్పింది కూడా ఆమే. ఈ రోజు నేను మోకాళ్లూని ప్రార్థించే ప్రతిసారీ ఆ గొంతు నా గొంతులో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం, ప్రభువు పిలిస్తే శిష్యుడు పేతురు పడవ దిగి నీళ్ల మీద నడిచి, అలలు చూసి భయపడి మునగబోయిన పాఠం. దానికి ఆమె సొంతంగా ఒక ఆట కనిపెట్టింది. మా గుడి నేలలో బండకూ బండకూ మధ్య సన్నటి గీతలు ఉంటాయి. తలుపు దగ్గరి నుంచి ముందున్న సిలువ దాకా ఒకే గీత మీద నడవాలి. కళ్లు సిలువ మీద ఉండాలి. కిందికి చూశావా, కూర్చున్న పిల్లలంతా "మునిగిండూ!" అని అరుస్తారు. అలా అరిపించాక టీచరు చూపుడువేలు ఎత్తి అడిగేది: "పేతురు ఎందుకు మునిగిండు?" మేమంతా ఒక్క గొంతుతో "అల్పవిశ్వాసం!" అనేవాళ్లం. "మరి మీరు?" "మునగం టీచర్!" ఆమె సంతోషంతో మా తలల మీద తట్టేది. పాపం, పేతురును ఆమె ప్రతి ఏడూ తిట్టేది. ప్రభువు ఎదురుగా ఉంటే అలలను చూడటమేమిటని ఆమెకు నిజంగానే కోపం.

మా తమ్ముడు ప్రభుదాసుకు ఆ ఆటలో గెలవాలని ఏనాడూ లేదు. మునగడమే వాడికి సరదా. సగం దూరం బుద్ధిగా నడిచి, కావాలని కిందికి చూసి, చేతులు కొట్టుకుంటూ నేల మీద దొర్లేవాడు. "మునిగిన టీచర్, మునిగిన! ఎవరన్న తీయుండ్రి!" గుడంతా నవ్వేది. టీచరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత చెవి మెలిపెట్టేది.

వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక ఎండాకాలం, స్నేహితులతో ఈతకు పోయి మళ్లీ రాలేదు. మా వైపు నాపరాయి తీసి వదిలేసిన గనులు వాన నీళ్లతో నిండి చెరువుల్లా ఉంటాయి. పైకి పచ్చగా, కదలకుండా కనిపిస్తాయి గాని లోతు ఎవరికీ తెలియదు. నాన్న బండల పాలిష్ మిషను మీద పని చేసేవాడు. ఆ కబురు విన్నప్పుడు ఒంటినిండా తెల్లటి దుమ్ముతో అలాగే పరుగెత్తాడు.

మా ఆచారం ప్రకారం మూడో రోజు ఇంట్లో మమ్మల్ని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. వాక్యం చెప్పడానికి రాహేలమ్మ టీచరు లేచింది. ఆమె ఏడ్చి ఏడ్చి ఉంది. అయినా బలపరచాలి కదా అని, తనకు బాగా వచ్చిన పాఠమే ఎత్తుకుంది. అలల మీద కళ్లు పెట్టొద్దు, ప్రభువు మీద పెట్టండి, కళ్లు దించినవాడు మునుగుతాడు అని చెప్పుకుపోతోంది. ఎప్పుడూ చెప్పే మాటలే గనుక అవి ఏ ఇంట్లో చెబుతోందో ఆమెకు తట్టలేదు. చాప మీద గోడకానుకుని కూర్చున్న అమ్మ తలెత్తింది.

"నా కొడుకు కండ్లు కిందికి పెట్టిండనా మునిగిండు, టీచరమ్మా?"

టీచరు పుస్తకం మూసి, "అట్ల కాదు ఎస్తేరూ, విశ్వాసం..." అని మొదలుపెట్టింది. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి అమ్మ గుడికి రాలేదు. తగువు పెట్టుకోలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇంట్లో ప్రార్థన మొదలైతే పొయ్యి దగ్గర పని వెతుక్కునేది, అంతే. నాకు తమ్ముడు పోవడం ఒక దుఃఖమైతే, అమ్మ ప్రభువుతో మాటలు మానుకోవడం ఇంకో దుఃఖం. నేను పడుకునే ముందు చేసే ప్రార్థనంతా అమ్మ గురించే. ఆమెను తిరిగి తీసుకురమ్మని అడుక్కునేదాన్ని.

టీచరు మాత్రం రావడం మానలేదు. ప్రతి వారం వచ్చి గడప అవతలే నిలబడేది. కందికాయల కాలంలో కందికాయలు, లేకపోతే రెండు జామపండ్లు తెచ్చేది. అమ్మ చాయ్ ఇచ్చేది. ఇద్దరూ ఎండల గురించి, నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడుకునేవారు. వెళ్లేటప్పుడు "ప్రార్థన చేద్దామా" అని అడగడానికి టీచరు నోరు తెరిచేది. అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి పోయేది. "వస్త ఎస్తేరూ" అని ఆమె మెట్లు దిగేది.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, పునరుత్థాన పండుగ అయిన వారానికి, స్త్రీల సమాజం వాళ్లు బస్సు మాట్లాడుకుని బాపట్ల దగ్గరి సముద్రానికి పోదామనుకున్నారు. టీచరు అప్పటికి రిటైరైంది గాని సముద్రం ఎన్నడూ చూడలేదు. నన్ను తీసుకుపోతానని ఇంటికి వచ్చింది. అమ్మ ఉలిక్కిపడింది.

"నీళ్ల కాడికా? పంప. ఒక్కతే ఉంది నాకు."

"దీని చెయ్యి ఇడువ ఎస్తేరూ. నీ బిడ్డను నేను పట్టుకునే ఉంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

అమ్మ నా మొహం చూసింది. నాకు పోవాలని ఉందని కనిపెట్టి, "పాదాలు తడిస్తే చాలు, ఎక్కువ పోవద్దు" అంది.

బస్సు దిగి ఇసుక దిబ్బ దాటగానే సముద్రం కనిపించింది. మా ఆడవాళ్లంతా ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. బస్సెక్కినప్పటి నుంచి అదే మొదటిసారి. టీచరు మాత్రం వెంటనే తేరుకుని పనిలో పడింది. తిండి ముందు కానియ్యాలి, ఎండ ముదరక ముందే అంది. నీళ్లకు దగ్గరగా, గట్టిగా చల్లగా ఉన్న చోటు చూసి చాపలు పరిపించింది. జొన్నరొట్టెల డబ్బా, పచ్చి పులుసు గిన్నె, ఉల్లిగడ్డలు అన్నీ వరసగా పెట్టించింది. పల్లీలు అమ్ముకునే ఒకామె అటుగా వచ్చి ఆగింది.

"ఏ ఊరమ్మా మీది? కాస్త వెనక్కి జరగండి, నీళ్లొస్తాయి."

టీచరు నవ్వింది. "ఎండకాలంల నీళ్లు ఎనుకకు పోతయి గని ముంగటికి వస్తయా అమ్మా! మా కోటిపల్లి చెరువు చూడు, ఉగాది దాటిందంటే గజం గజం ఎనుకకే."

"ఇది చెరువు కాదమ్మా, సముద్రం" అని ఆమె నవ్వుకుంటూ పోయింది. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మా ప్రాంతంలో వేసవి నీళ్లు మనుషుల దగ్గరికి నడిచి రావడం ఎవరూ చూడలేదు మరి. వడ్డన మొదలైంది. దేవునికి స్తోత్రం చెప్పి మొదటి రొట్టె తుంచామో లేదో, ఒక అల వచ్చి చాపల కిందికి దూరింది. ఆడవాళ్లు కేకలు వేసి లేచారు. ఉల్లిగడ్డలు తేలిపోయాయి. రొట్టెల డబ్బా గుండ్రంగా తిరుగుతూ బయల్దేరింది. "నా డబ్బా! మా అమ్మ డబ్బా!" అని టీచరు కుచ్చిళ్లు పట్టుకుని దాని వెనక పరుగెత్తింది. మేమంతా నవ్వుతున్నాం. మోకాళ్ల లోతులో డబ్బా అందుకుని, గెలిచినట్టు చెయ్యెత్తి ఆమె మా వైపు తిరిగింది. అప్పుడే వెనక నుంచి పెద్ద అల వచ్చి ఆమెను పడేసింది.

తిరిగి పోయే నీళ్లు ఆమెను లోపలికి లాగుతుంటే చూశాను. పాదాలు తడిస్తే చాలన్న అమ్మ మాట ఎక్కడికి పోయిందో తెలియదు. నేనెలా పరుగెత్తానో కూడా తెలియదు. నా చేతికి ఆమె మణికట్టు దొరికింది. గట్టిగా పట్టుకున్నాను. ఇంకో ఇద్దరు వచ్చి కలిసి లాగారు. అంతా కలిపి కాసేపే, పెద్ద లోతు కూడా కాదు. కానీ ఒడ్డున పడ్డాక ఆమె కళ్లు చూశాను. అంత భయం పెద్దవాళ్ల కళ్లలో అంతకుముందు నేను చూసింది ఒక్క నాన్న కళ్లలోనే.

అందరూ తలో మాట అని, నవ్వించి, బస్సులో ఉంచిన రెండో రొట్టెల డబ్బా తెచ్చి విప్పడానికి దిబ్బ మీదికి పోయారు. టీచరు ఇసుకలోనే కూర్చుంది. నా చెయ్యి వదల్లేదు. నీళ్ల వైపు చూస్తూ అంది.

"నాకు ప్రార్థన గూడ రాలే బిడ్డా. ఒక్క ముక్క రాలే. ఇన్ని ఏండ్లు అందరికి నేర్పిన గదా."

"భయపడ్డరు టీచర్. ఎవరికైనా గంతే."

"గిసొంటి నీళ్లల్లకు పడవ ఇడిసి దిగిండు పేతురు. దిగుడే మస్తు. నేను గా మనిషిని ఎంత తిట్టిన!" కొంగుతో మొహం తుడుచుకుంది. కొంగు కూడా ఉప్పు నీళ్లతో తడిసిందే. "ఒకటి చెప్పు. మునుగుతుంటే ప్రభువు ముందు ఏం చేసిండు? ఎందుకు అనుమానపడ్డవని అడిగిండా, చెయ్యి పట్టిండా?"

"చెయ్యి చాపి పట్టుకున్నడు. తర్వాత అడిగిండు."

"ముందు చెయ్యి" అంది ఆమె. ఆ వాక్యం ఆమెకు కంఠస్థం. నాకూ అంతే. ఇద్దరం అన్నేళ్లూ ఆ చెయ్యిని దాటేసి గద్దించిన మాట దగ్గరికే పోయామని అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున తాండూరులో బస్సు దిగాక ఆమె తన ఇంటికి పోలేదు. నా వెంటే వచ్చింది. చీర ఉప్పుతో బిరుసెక్కి, జుట్టు చిక్కులు పడి ఉంది. ఆ అవతారం చూసి అమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఈసారి టీచరు గడప దాటింది.

"ఎస్తేరూ, నీ బిడ్డను నేను పట్టుకుంటనన్న. నీ బిడ్డనే నన్ను పట్టుకుంది." అంతా చెప్పింది. డబ్బా సంగతి కూడా చెప్పింది. అమ్మ నా భుజాలు తడిమి చూసుకుంది. టీచరు గొంతు తగ్గించింది. "ఆ నాడు మీ ఇంట్ల నేను తప్పు చెప్పిన. మునిగెటోని కాడికి ప్రభువు చెయ్యితోని వచ్చిండు. నేను నీ కాడికి మాటతోని వచ్చిన. నన్ను మన్నించు."

అమ్మ ఆమె మొహం చూసింది. "మరి నా కొడుకును ఎందుకు పట్టుకోలే?"

అప్పటికి మా ఇంటికి ఎందరో పెద్దలు వచ్చి ఉన్నారు. దేవుడు మంచి పూలనే కోసుకుంటాడన్నారు, పరీక్ష అన్నారు, చిత్తమన్నారు. టీచరు కూడా అలాంటిదేదో అంటుందనుకున్నాను.

"నాకు తెల్వదు ఎస్తేరూ" అంది టీచరు.

అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. అంత్యక్రియల తర్వాత ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి. టీచరు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. వాక్యం ఎత్తలేదు, పాట ఎత్తలేదు. ఏడుపు ఆగాక అమ్మ ముక్కు చీదుకుని, "ఇన్నొద్దులకు తెల్వదన్నోళ్లు మీరొక్కరే" అంది. తర్వాత ఆమెను కిందికీ మీదికీ చూసి, "చీరంత ఉప్పే ఉంది టీచరమ్మా. ఇప్పుండ్రి, ఉతుకుత. నా చీర కట్టుకోండ్రి" అంది. పొట్టి టీచరు, పొడుగు అమ్మ చీరలో, నేల ఊడుస్తున్న కుచ్చిళ్లతో మా ఇంట్లో చాయ్ తాగడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అమ్మ ఆ ఆదివారం రాలేదు. కొన్ని వారాల తర్వాత వచ్చింది, వెనక వరసలో, తలుపు పక్కన. పాటలు పాడలేదు గాని ముగింపు ప్రార్థనలో తల వంచింది. పిల్లల ఆట కూడా అప్పటికే మారిపోయింది. గీత తప్పినవాడి మీద ఇప్పుడు ఎవరూ అరవరు. దగ్గరున్న పిల్ల లేచి పరుగెత్తి చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోవడం ఆలస్యమైతే టీచరుకు కోపం.

పోయిన ఏడాది ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు మా సంఘంలో ఆదరణ కూడికలకు నన్ను పంపుతారు. మొన్న మర్పల్లిలో ఒక ఇంటికి వెళ్లాను. కాన్పులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అత్తగారు "అమ్మా, ఏదన్న మంచి మాట చెప్పు దీనికి" అంది. నా సంచిలో గ్రంథం ఉంది. అందులోని ప్రతి మాటా సత్యమని నేను నా ప్రాణంతో నమ్ముతాను. దాన్ని బయటికి తీయలేదు. మంచం పట్టె మీద కూర్చుని ఆ అమ్మాయి చెయ్యి అందుకున్నాను. చల్లగా ఉంది. చాలాసేపటి తర్వాత, ఇటు తిరగకుండానే, ఆమె నా వేళ్లను బిగించి పట్టుకుంది.