ఎనిమిది ట్యాపెట్లు

మా వియ్యంకుడు గారు పోయారు. ఆదివారం ఛాతీలో నొప్పి అంటే హాస్పిటల్‌లో చేర్చారు. సోమవారం ఉదయం అల్లుడు ఫోన్ చేసి, "నాన్న ఇక లేరు అత్తయ్యా" అన్నాడు. అప్పుడు నేను ఇక్కడ అమెరికాలో, నోవై అనే ఊళ్ళోని మా గరాజ్‌లో ఆయన కళ్ళజోడు వెతుకుతున్నాను. పంపమని అడిగారట. దొరికింది కూడా, భూతద్దం పక్కనే.

భర్త పోయాక నేను కూతురి దగ్గరికి, భార్య పోయాక ఆయన కొడుకు దగ్గరికి చేరాం. ఒకే ఇంట్లో ఆరేళ్ళు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు. ఇద్దరం ఒక సోఫాలో కూర్చున్న రోజు లేదు. మా మధ్య నాలుగు మాటలు నడిచాయంటే ఆ రష్యా కారు వల్లే.

ఒక్క మనిషే పట్టే పాత రేసు కారు అది. ఇక్కడి కార్ల కంపెనీలో ఇంజన్లు చేసి రిటైరయ్యాక, ఎవరి షెడ్డులోనో తుప్పు పడుతుంటే కొని తెచ్చుకున్నారు. సన్నటి గొట్టాలు అతికిన చట్రం, ముందు డ్రైవరు దాదాపు పడుకునే సీటు, అతని వీపు వెనకే ఇంజన్. ఆ ఇంజన్ అక్కడి సంసారులు నడుపుకునే మామూలు కారుది. "రేసుకని వేరే ఇంజన్ వాళ్ళకెవరిస్తారమ్మా? ఉన్నదాన్నే చెక్కి, తేలిక చేసి పరుగెత్తించారు. లేదని కూర్చోలేదు" అనేవారు. ఎన్నిసార్లన్నా అదే మొదటిసారి అన్నట్టు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి, ల్యాబ్ స్టాకు రిజిస్టరు ఇరవై ఆరేళ్ళు రాసినదాన్ని. విప్పిన నట్లు ఆయన ఊరగాయ సీసా మూతల్లో పడేస్తుంటే చూడలేక నోటుపుస్తకం తెచ్చి గీతలు కొట్టాను. ఆయన విప్పి పేరు చెప్పాలి, నేను రాయాలి. ఒక్క వాషర్ తగ్గినా భోజనానికి లేవనిచ్చేదాన్ని కాదు. మా కంపెనీ ఆడిటర్లే నయం అని అల్లుడితో చెప్పుకునేవారట.

ఒకసారి సీటు కొలతలు చూస్తానని అందులోకి దిగి, మోకాళ్ళు ఇరుక్కుని లేవలేకపోయారు. వియ్యంకుడి చెయ్యి పట్టి లాగడం నావల్ల కాలేదు. అల్లుడి మీటింగ్ అయ్యేదాకా నలభై నిమిషాలు ఆయన అందులో, నేను స్టూలు మీద. ఏ బోల్టు ఎందుకు అక్కడుందో ఆ రోజే నాకు పూర్తిగా చెప్పారు.

ఈ చలికాలం మొదట్లో ఇంజన్ విప్పాం. వాల్వుల్ని తెరిపించే చిన్న ఉక్కు ముక్కలు ఎనిమిది ఉంటాయి, ట్యాపెట్లంటారు. వాటిని గుడ్ల అట్టపెట్టెలో పెట్టుకున్నారు. ఆయన డాక్టరు దగ్గరికెళ్ళిన రోజు నేను గరాజ్ సర్దాను. నూనె కారుతున్న ఆ పెట్టె చూడలేక, ఎనిమిదింటినీ కిరోసిన్‌లో కడిగి, తుడిచి, స్టీలు డబ్బాలో పెట్టాను. పెట్టె పారేశాను. పుస్తకంలో "ట్యాపెట్లు 8, సరిపోయాయి" అని రాసి సంతకం చేశాను.

ఆయన వచ్చి డబ్బా మూత తీసి, స్టూలు మీద కూర్చున్నారు. "పెట్టె ఏది చెల్లెమ్మా?"

రీసైక్లింగ్ లారీ అప్పటికే వెళ్ళిపోయింది.

ఒక్కో ట్యాపెట్ తనను పైకి నెట్టే ఇరుసు మీది ఉబ్బుతో, అంటే తన కింద తిరిగే కామ్‌తో, ఏళ్ళ తరబడి రాసుకుని, దానికే అలవాటు పడుతుంది. చోటు మారిస్తే రెండూ పాడవుతాయి. అందుకే పెట్టెలో గుంటల పక్కన పెన్సిల్‌తో అంకెలు వేసుకున్నారు. నేను వాటిని చూడలేదనడం నిజం కాదు. చూశాను, పాత మరకలనుకున్నాను.

తప్పు చేసిన పిల్లల్ని నేను ఏనాడూ ఊరికే వదల్లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మీ లెక్క సరిగ్గానే ఉంది, ఎనిమిదీ ఉన్నాయి. ఏది ఏ ఇంటిదో తెలియాలి, అంతే" అన్నారు. ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు. అందుకే నేనే చెబుతున్నాను.

మరో అట్టపెట్టె తెచ్చి మళ్ళీ అంకెలు వేశారు. భూతద్దం కింద ఒక్కోదాని అరుగుదలను కామ్ మీది గీతలతో పోల్చి చూసేవారు. వారానికి ఒకటి తేలితే గొప్ప. హాస్పిటల్‌కి వెళ్ళే ముందురోజు, శనివారానికి, ఐదు తేలాయి. "మూడే మిగిలాయి. ఎండలొచ్చేసరికి స్టార్ట్ చేద్దాం. స్విచ్ మీరే వెయ్యాలి" అన్నారు.

పన్నెండో రోజు అయ్యాక అల్లుడు మెల్లగా అడిగాడు. "అత్తయ్యా, ఎవరికైనా ఇచ్చి ఫినిష్ చేయిద్దామా? కొత్త పార్ట్స్ చేసిస్తారట." ఆ సంగతి నేనింకా తేల్చలేదు.

రోజూ పదింటికి గరాజ్‌కి వెళ్తాను. వంటింటి త్రాసులో మూడూ తూచాను, బరువు ఒక్కటే. భూతద్దంలో గీతలు నాకూ కనిపిస్తాయి. వాటిని చదవడం రాదు. పెట్టెలో రెండు, ఆరు, ఏడు అని ఆయన రాసిన గుంటలు ఖాళీగా ఉన్నాయి. మూడింటినీ అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాను. చల్లగా ఉన్నవి కాసేపటికి వెచ్చబడతాయి. అప్పుడు మళ్ళీ స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తాను.