టేపుకు బదులిచ్చిన మామ

మొన్న మంగళవారం మధ్యాహ్నం ధర్మవరం నుంచి మామ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయన పోయినాడు. సాయంత్రానికి సొంతూరు పెనుకొండలో మన్ను చేస్తాండాము, రా" అంది. నేనప్పుడు బెంగళూరులో, మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. అటు ఇద్దరు జపాన్ వాళ్లు, ఇటు నలుగురు మనవాళ్లు, మధ్యలో వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ చెప్పే నేను. ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లి, మిగిలిన అరగంట పనీ పూర్తి చేసి మరీ బయలుదేరాను. పెనుకొండ చేరేసరికి మట్టి కప్పేశారు. ఆ అరగంట ఎందుకు కూర్చున్నానో నన్ను నేను ఎంత తిట్టుకున్నా తీరడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. హిందూపురంలో మా వీధి చివరి ఇల్లు వాళ్లది. మా నాయన దారాల అంగడి నడిపేవాడు. మామ రీలింగ్ యూనిట్‌లో మెకానిక్. పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసే చోటది. ఆయన పక్కన నిలబడితే ఉడికిన గూళ్ల కంపు కొట్టేది. చిన్నప్పుడు నేను ముక్కు మూసుకుని "మామా, దూరం దూరం!" అని అరిస్తే, కావాలని ఇంకో అడుగు దగ్గరికి వచ్చేవాడు.

తొంభైల మొదట్లో ఆ యూనిట్‌కు జపాన్ నుంచి ఒక యంత్రం వచ్చింది. దాన్ని బిగించి నడపడం నేర్పడానికి ఒక జపాన్ పెద్దాయన కూడా వచ్చి ఏడాదిన్నర ఉన్నాడు. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం, మామకు అసలు రాదు. ఇంకేం చేస్తారు? స్పానర్ ఎత్తి చూపించి ఆయనొక మాట అనేవాడు, మామ ఆ మాటే తిరిగి అనేవాడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ కలిసి నవ్వుకోవడం మొదలుపెట్టారు. మామ ఆ భాషలో సరసాలు కూడా ఆడేవాడు. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు.

పెద్దాయన తన దేశం వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు యూనిట్ మూతపడింది. మామ బజారులో మిక్సీలు, మోటార్లు బాగుచేసే చిన్న అంగడి పెట్టుకున్నాడు. ఊళ్లో ఆయన పేరు జపాన్ సాయిబు అయిపోయింది. టీ అంగడి దగ్గర "ఏమప్పా జపానూ, రెండు టీలు చెప్పు మీ బాసలో" అనేవాళ్లు. మామ నిజంగానే చెప్పేవాడు. "నోటికొచ్చింది కూస్తాండాడు, మనకేం తెలుసు!" అని పడీపడీ నవ్వేవాళ్లు. మామ కూడా నవ్వేవాడు కానీ, ఇంటికి వచ్చి మా అత్త దగ్గర మాత్రం మూతి ముడుచుకునేవాడట.

నా డిగ్రీ అయ్యాక జపాన్ భాష నేర్చుకుంటే బెంగళూరులో ఉద్యోగాలున్నాయని ఎవరో చెప్పారు. పుస్తకాలూ, ఒక కేసెట్టూ తెప్పించుకున్నాను. అక్షరాలు గబగబా వచ్చేశాయి. నోరే పెగల్లేదు. ఒకరోజు మిక్సీ బాగుచేయించడానికి వెళ్లి, సిగ్గుపడుతూ నాలుగు ముక్కలు మాట్లాడాను. మామ స్క్రూడ్రైవర్ కింద పెట్టేసి నన్ను అలాగే చూశాడు. "ఎన్నేండ్లయింది పాపా ఈ మాట యిని!" అన్నాడు. మిక్సీకి పైసా తీసుకోలేదు.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అంగడి మూసే వేళకు వెళ్లేదాన్ని. మా ఒప్పందం చాలా తేలిక. ఆయన నాకు మాట నేర్పాలి, నేను ఆయనకు రాత నేర్పాలి. అరవైకి దగ్గరపడిన మనిషి, నూనె మరకల చేతులు లుంగీకి తుడుచుకుని, నాలుగు గీతల నోటుబుక్కులో చిన్నపిల్లాడిలా నాలుక బయటపెట్టి అక్షరాలు దిద్దేవాడు. నేను ఊరుకునే రకం కాదు. "ఏంది మామా, ఇది అక్షరమా, తేలా?" అని కసురుకునేదాన్ని. "తిట్టు టీచరమ్మా, తిట్టు. తిడితేనే బుర్రకెక్కుతాది" అనేవాడు. నేను మాట తడబడితే మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. "మిషనైనా ఒక్కతూరికే తిరగదు పాపా, నిదానంగా అను" అనేవాడు.

ఆయన నేర్పినవాటిలో ఒకటి ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. జపాన్ వాళ్లతో మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో "హాయ్" అంటూ ఉండాలి. అంటే, సరే, వింటున్నాను అని. ఊరికే వింటూ కూర్చుంటే పెద్దాయనకు కోపం వచ్చేదట. "యినేవాడు ఉండాడని చెప్పేవానికి తెలియాల గదా" అనేవాడు మామ. కేసెట్ పెడితే చాలు, అందులో ఎవరు మాట్లాడినా ఆయన తల ఊపుతూ "హాయ్, హాయ్" అని బదులిచ్చేవాడు. మా అత్త టీ తెచ్చి పెడుతూ "ఆ డబ్బాకేం యినపడుతుందని చెప్తాండావయ్యా!" అనేది. ముగ్గురం నవ్వేవాళ్లం. తర్వాత పరీక్ష మాట వచ్చినప్పుడైనా, అక్కడ ఇలా అనకూడదని నేను చెప్పి ఉండాల్సింది. చెప్పాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా. ముచ్చటగా ఉంది కదా అని ఊరుకున్నాను.

పరీక్ష రాస్తానని ఆయనే అన్నాడు. బెంగళూరులో ఏడాదికోసారి జరిగే ఆ పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టు నాలుగోది. నేను దానికి కడుతున్నానని చెప్పగానే, "నాకూ ఒక ఫారం తేపో" అన్నాడు. "ఈ వయసులో నీకెందుకు మామా?" అన్నాను. "కాగితం ఉండాల పాపా. ఒక్క కాగితం ఉంటే అంగట్లో పటం కట్టి పెడతా. నేను చెప్పింది అబద్ధం కాదని ఆ టీ అంగడోళ్లకు తెలియాల. వాళ్లు నవ్వితే నన్నొక్కణ్ణే కాదు, ఆ పెద్దాయన్నీ నవ్వినట్టే ఉండాది" అన్నాడు. రెండు ఫారాలూ నేనే నింపాను. ఒకే కవరులో పంపాను కాబట్టి నంబర్లు పక్కపక్కనే వచ్చాయి.

డిసెంబర్ ఆదివారం తెల్లవారుజామున హిందూపురంలో రైలెక్కాం. మామ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తల మీద టోపీ. చేతిలో మా అత్త ఇద్దరికీ కట్టిచ్చిన పరోటాల డబ్బా. పరీక్ష ఒక పెద్ద కాలేజీలో. అందరూ ఇంగ్లీషులో గలగలా మాట్లాడే బెంగళూరు పిల్లలు. వాళ్ల చూపులు మామ టోపీ మీదికీ, చెప్పుల మీదికీ పోతుంటే, నాకు తెలియకుండానే ఆయనకు రెండడుగులు ఎడంగా నడిచాను. హాల్లో ఆయన నా ముందు బెంచీలో కూర్చున్నాడు.

మొదటి పేపరు బాగానే రాశాడు. పెన్సిల్ గట్టిగా నొక్కి గుండ్రాలు నింపుతుంటే ఆయన భుజం కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. రెండోది వినే పరీక్ష. టేపులో ఒక పెద్దవయసు మగగొంతు మొదలైంది. మామ నిటారుగా కూర్చుని గట్టిగా "హాయ్!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. పరీక్ష నడిపే మేడమ్ పెదవి మీద వేలు పెట్టి చూపించింది. మామ తల ఊపాడు. గొంతు మళ్లీ మాట్లాడింది, ఆయన మళ్లీ అన్నాడు. ఆ మనిషికి అది పరీక్ష కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో తనతో మాట్లాడుతున్నారు, అంతే.

మేడమ్ టేపు ఆపించి ఆయన దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. "సారీ మేడమ్, సారీ" అంటూ లేచి నిలబడ్డాడు. ఆమె హాలంతా చూస్తూ, "ఈయనతో వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాట్లాడకూడదని ఆయన భాషలో చెప్పండి, కూర్చోనిస్తాను" అంది. ఒక్క మాట చాలు. "మామా, హాయ్ అనొద్దు" అంటే చాలు. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను తల వంచుకుని, పేపరు మీద అచ్చేసిన నా నంబరు చదువుకుంటూ కూర్చున్నాను. ఆయన్నీ, హాల్లోవాళ్లనూ వేలితో చూపిస్తూ ఆమె ఇంకోసారి అడిగింది. ఈసారి మామే తెలుగులో, "ఎవరూ లేరమ్మా, నేనొక్కణ్ణే వచ్చినా" అన్నాడు. పెన్సిల్ బెంచీ మీద పెట్టి, చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.

నేను పాసయ్యాను. తర్వాత పై మెట్లు కూడా రాశాను, ఉద్యోగం వచ్చింది. ఆయనకు ఏ కాగితమూ రాలేదు. "మళ్లీ రాద్దాం మామా" అంటే, "చాల్లే పాపా, నువ్వు రాసినావు గదా" అన్నాడు. టీ అంగడి దగ్గర ఎగతాళి ఆగలేదు. నా చేతిలో కాగితం ఉంది కదా, ఒక్కరోజు అక్కడికి పోయి, "ఈయన మాట్లాడేది నిజం, నాకు మాట నేర్పిందే ఈయన" అని నాలుగు దులిపి రావచ్చు కదా. అందరి మీదా లేచే ఈ నోరు ఆ పని మాత్రం చేయలేదు.

పోయిన నెల ధర్మవరంలో, కూతురింట్లో ఆయన్ను చూడటానికి వెళ్లాను. పక్కగదిలో మగ్గం ఆడుతోంది. మంచం మీద మనిషి సగమైపోయాడు. ఈసారి చెప్పేయాలనుకుని, "మామా, ఆ పొద్దు బెంగళూరులో..." అని మొదలుపెట్టాను. "ఆ పొద్దు పరోటాలు గట్టిపడిపోయినాయి గదా! మీ అత్త నన్ను ఎంత తిట్టిందో" అని నవ్వి, దగ్గుతో ఆగిపోయాడు. ఆయన మాట దాటేస్తున్నాడని నాకు తెలుసు. అదే సందని నేనూ ఊరుకున్నాను. క్షమించమని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది.

ఇంకొకటి మిగిలింది. దీన్ని మీకు కూడా చెప్పకుండా ముగిద్దామనుకున్నాను. ఆ రోజు పరీక్షలో రెండో పేపరుకూ మూడో పేపరుకూ మధ్య కాసేపు విరామం ఇచ్చారు. బయటికి వెళ్లి ఆయన ఎక్కడున్నాడో చూడొచ్చు. నేను బెంచీ వదల్లేదు. అన్నీ అయ్యాక గుంపుతో పాటు గేటు దగ్గరికి వచ్చాను. వాచ్‌మన్ ఆపాడు. కోలారు వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు.

"హిందూపురం టీచరమ్మవు నువ్వేనా?" అన్నాడు.

"నేను టీచర్ని కాదు" అన్నాను.

"ఆ పెద్దాయన చెప్పినాడు లేమ్మా. నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ లోపల రాస్తాండాది, ఆమె వచ్చేదాకా తినను అని అప్పటి నుంచి ఆడే కూర్చోనుండాడు" అని రోడ్డు అవతలికి చూపించాడు.

మామ ఫుట్‌పాత్ మీద నుంచి లేచాడు. టోపీ సర్దుకున్నాడు. రెండు చేతులూ తొడలకు ఆనించి, జపాన్ వాళ్లు గురువుకు వంగినట్టు నడుం దాకా వంగి, అలాగే ఉన్నాడు. బదులుగా నేనూ వంగాలి. నేను మాత్రం, మా హాల్లో రాసిన పిల్లలెవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.