పట్టుకునేవాళ్లకీ నోరుంటుంది

మొన్న మంగళవారం ఉదయం మా పశువుల ఆసుపత్రి కాంపౌండర్ బాబాయి చనిపోయారు. సిద్ధగోరాలో ఇంటి ముందు పళ్లు తోముకుంటూ కూలిపోయారట. కబురు వచ్చేసరికి నేనొక మేకను పట్టుకుని ఉన్నాను, డాక్టరు కుట్లు వేస్తున్నారు. చివరి కుట్టు పడేదాకా వదల్లేదు. మధ్యలో వదిలేసి ఏడుస్తూ పరిగెత్తి ఉంటే ముందు బాబాయే తిట్టేవారు.

మర్నాడు సంతాప సభ పెట్టారు. కొత్త ఇన్‌చార్జి డాక్టరు లేచి, ఆయన విశ్వాసం గల సిబ్బంది అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా దగ్గరికి వచ్చే కుక్కల గురించి కూడా ఆ మాటే అంటారు. బాబాయి మాకు మాస్టారు. కాలేజీ నుంచి శిక్షణకు వచ్చే పశువైద్య విద్యార్థులకు మనుషులతో మాట్లాడటం, పక్కవాళ్లతో కలిసి పనిచేయడం నేర్పింది ఆయనే. వాళ్ల సర్టిఫికెట్ల మీద ఆయన సంతకం ఎక్కడా ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. చుట్టూ హిందీయే వినిపించే ఈ ఊళ్లో, భాలుబాసాలో మా అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను, మిగతాది నాకు నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే ఉండనివ్వండి.

ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని, షెడ్డులో గడ్డిమోపు మీద కూర్చుని, గేదె యజమాని అయిపోయేవారు. విద్యార్థి వచ్చి జబ్బు సంగతి రాబట్టాలి. ఒకసారి రైల్వే క్వార్టర్ల తెలుగు కుర్రాడొకడు వస్తూనే, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు, ముందే ఎందుకు తీసుకురాలేదు" అని గద్దించాడు. బాబాయి లేచి, లేని గేదెను తోలుకుంటూ గేటు దాటి వెళ్లిపోయారు. టీ తాగి గాని తిరిగి రాలేదు.

"నాటుమందు పోసినాను బాబూ. సెప్దామనే వచ్చినాను. నువ్వు తిట్టినావు, దాసేసినాను. ఇప్పుడు దేనికి మందిత్తావు?"

కుర్రాడు తల దించుకున్నాడు. "తల దించకు, మళ్లీ అడుగు" అని బాబాయి మళ్లీ గడ్డిమోపు మీద కూర్చున్నారు.

నాకు పాఠం చెప్పిన రోజు మాత్రం నవ్వు లేదు. నేను చేరిన కొత్త. ఒక విద్యార్థిని ఆవుకు సూది వేయబోతోంది. వెనక కాలి తాడు వదులైంది. నేను చూశాను. డాక్టరు చదువు చదివేవాళ్లకు తాడు పట్టుకునేదాన్ని నేనేం చెప్తానని ఊరుకున్నాను. ఆవు తన్నింది. దెబ్బ బాబాయి మోకాలికి తగిలింది. ఆయన నేల మీద కూర్చుండిపోయి, ఆ పిల్లను ఒక్క మాటా అనకుండా నన్ను పిలిచారు.

"నువ్వు సూసినావు కదే. నోరెందుకు మూసుకున్నావు?"

"మేరా కామ్ నహీ హై, బాబాయ్" అని గొణిగాను. నా పని కాదు కదా అని.

"ఆవు సెప్పలేదు. నువ్వు సెప్పగలవు. సూసి కూడా మూసుకుంటే ఆవుకీ నీకూ తేడా ఏటే? ఆవే నయం, తన్నింది."

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ సరిగా నడవలేదు. కానీ ఒక పద్ధతి పెట్టారు. సూది తీసే ముందు ఎవరు ఏది పట్టుకున్నారో అందరూ పైకి చెప్పాలి: తల నాది, తాడు నాది, సూది నాది. ఎవరు ‘రుకో’, అంటే ఆగు, అన్నా, ఊడ్చే మనిషి అన్నా, సూది పట్టిన చెయ్యి ఆగిపోవాలి. కారణం తర్వాత అడగాలి. అనవసరంగా ఆపినా తిట్టకూడదు. "ఇయ్యాల తిడితే, రేపు నిజంగా ఆపాలన్నప్పుడు ఎవుడూ ఆపడు" అనేవారు.

సభ అయిన మర్నాడే ఇన్‌చార్జి ఆ పద్ధతి ఎత్తేశారు. పట్టుకునేవాళ్లు పట్టుకుంటే చాలట, మాటలు డాక్టర్లు చూసుకుంటారట. మాది కాంట్రాక్టు. రేపు గేటు దగ్గర ఆపేస్తే అడిగే దిక్కు లేదు.

శుక్రవారం జుగ్సలాయి నుంచి ఒక ముసలామె జ్వరంతో ఉన్న ఆవును తెచ్చింది. బాబాయి దగ్గర పది రోజులు పాఠం విన్న ఒక పిల్ల సూది నింపింది. ముసలామె నా పక్కన నిలబడి, నిన్న ఎవరో ఇంటికొచ్చి సూది వేస్తే ఆవు వణికి కూలబడిందని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఇదీ అదే మందయితే ఆవు ప్రాణానికే ముప్పు.

"రుకో" అన్నాను.

"నిన్నెవరు అడిగారు? తాడు పట్టుకో" అన్నారు వెనక నుంచి ఇన్‌చార్జి. ఆ పిల్లతో, "నువ్వు కానివ్వు" అన్నారు.

దానికి నా జవాబు ఇక్కడ రాస్తున్నాను: తాడు పట్టుకునే ఉన్నాను సార్. నోటితో చెప్పాను, చేతులు వదల్లేదు. ఇకముందు కూడా చెప్తాను. సోమవారం నా పేరు కొట్టేస్తే కొట్టేయండి. ఆయన దగ్గర నేర్చుకున్న ఇంతమందినీ కొట్టేయలేరు.

ఆ పిల్ల సూదికి మూత పెట్టేసింది. ఇన్‌చార్జి వైపు చూడలేదు. ముసలామె ముందు పేడలోనే గొంతుక్కూర్చుని, నిన్న ఏమైందో చెప్పమ్మా అని అడిగింది. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు. కొంగు మెల్లగా కిందికి దించి, నిన్నటి సంగతి మొదలుపెట్టింది.