తువ్వాల కట్టుకుని విన్న చప్పుడు

నా చిన్నప్పుడు నర్సంపేట దగ్గరి మా ఊళ్లో బావి తవ్వడమంటే సగం గడ్డపార పని, సగం దేవుడి పని. నీళ్ల జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. కాయ నిలబడిందని ఆయన చెప్పిన చోటే మా బాపు మొదటి బావి తవ్వించాడు. నడుము లోతు దాటకముందే బండ తగిలింది. ఆ పెద్దమనిషే రెండోసారి ఈశాన్యం మూల చూపించాడు. బాపు అక్కడ పసుపు కుంకుమ చల్లి, కాయ కొట్టి, ముహూర్తం పెట్టుకున్నాడు. ఈసారీ బండే తగిలితే చేను కౌలుకిచ్చి వరంగల్ మిల్లు పనికి పోవాల్సిందేనని అమ్మతో అంటుంటే విన్నాను. ఆ చేను, మా ఎడ్లు తప్ప నాకు వేరే లోకం తెలియదు.

ముహూర్తానికి ముందురోజు మా మేనమామ వచ్చాడు. వరంగల్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం ఆయనది. ఊరికే ఉండే చేతులు కావు. పాత రేడియోల స్పీకర్లు రెండు తీసి, వాటి కాగితానికి సీసం ముక్కలు అతికించి, పాలపొడి డబ్బాల్లో బిగించాడు. నేల అదిరితే ఆ అదురు హెడ్‌ఫోన్లలో టక్కుమనేది. ఒక డబ్బా దగ్గర, ఒకటి దూరంగా నేలలో పాతి, దగ్గరి డబ్బా పక్కన ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టేవాడు. ఒక చప్పుడు ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి వచ్చేది. మన్ను లోతుగా ఉంటే చప్పుడు నింపాదిగా నడుస్తుంది, రెండుగా వినబడుతుంది. బండ పైనే ఉంటే ఉరికొస్తుంది, రెండూ కలిసి ఒక్కటే అవుతాయి.

"నీళ్లున్నయో లేవో ఇది చెప్పది బావా. బండ ఎంత దగ్గరున్నదో చెప్తది, గంతే," అన్నాడు.

ఈశాన్యం మూల బాపు విని రెండన్నాడు. అమ్మ విని రెండే అంది. నేనూ విన్నాను, నాకూ రెండే. పసుపు చల్లిన చోట మా చెవులకు రెండు గాక ఇంకేం వినబడుతుందనుకున్నాడేమో మామ, పొడుగాటి వైరు తగిలించి, బాపును దూరంగా ఎడ్లబండి మీద కూర్చోబెట్టి, కళ్లకు తువ్వాల కట్టాడు. డబ్బాల చోటు మారుస్తూ కొడుతూ పోయాడు. బాపు ఒక చోట రెండన్నాడు, ఇంకో చోటా రెండన్నాడు. ఆ తర్వాత గట్టిగా "ఒక్కటే" అని, తువ్వాల తీసి చూశాడు. మామ పసుపు కుంకుమల పక్కన నిలబడి ఉన్నాడు.

బాపు కోప్పడతాడని నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆయన తువ్వాల మళ్లీ తనే కట్టుకున్నాడు.

"మల్లొక్కసారి కొట్టు," అన్నాడు.

మామ కొట్టాడు.

"ఒక్కటేరా," అన్నాడు బాపు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

రెండు చప్పుళ్లూ బాగా ఎడంగా వినబడిన చోటు పెంటకుప్ప పక్కన. "పెంటకాడ గంగమ్మ ఉంటదా?" అని ఊరంతా నవ్వింది. బాపు అక్కడే తవ్వించాడు. నీళ్లు పడ్డాయి. పొంగి పొర్లలేదు గానీ మా వరి మడి తడిసేటన్ని ఊరాయి. మేం మిల్లుకు పోలేదు.

మొన్న హన్మకొండ దవాఖానలో నా రిపోర్టు చూసి డాక్టరు "ఫికర్ చెయ్యకమ్మా" అంటే ప్రాణం లేచొచ్చింది. అయినా మనవరాలితో, "ఇంకో డాక్టరుకు చూపియ్యి బిడ్డా, ఈయనేమన్నడో చెప్పకు," అన్నాను. అది నా చాదస్తానికి నవ్వింది. ఆశ పడ్డ చోట కళ్లకు గంత కట్టుకోవాలని మామ దగ్గర నేర్చుకున్నాను. చెడ్డ మాట విన్నాక కూడా ఆ తువ్వాల మళ్లీ మన చేత్తో మనమే కట్టుకోవడం మా బాపు విద్య. ఆ రెండో డాక్టరు గది బయట కూర్చున్నంతసేపూ ఆయన్నే తలుచుకున్నాను.